నిమ్మకాయకు 5 రూపాయలు, స్టిక్కరుకు 18 వేలు

2023 అక్టోబరు. బెంగళూరులో ఆయుధపూజ. మా ఆఫీసులో ప్రతి ఏడూ జరిగే తంతే మళ్ళీ జరిగింది. కంప్యూటర్లకు పసుపు, కుంకుమ, మానిటర్ల మీద బంతిపూల దండలు, గుమ్మం ముందు పగలగొట్టిన బూడిద గుమ్మడికాయ. సర్వరు గది దగ్గర నిమ్మకాయ కోసి పెట్టారు. ఆ సాయంత్రం సంఘం మిత్రులం నలుగురం కలిసినప్పుడు ఇదంతా చెప్పుకుని బాగా నవ్వుకున్నాం. బొట్టు పెట్టకపోతే ప్రాసెసరు అలుగుతుందా, దండ వేస్తే డౌన్‌లోడు వేగం పెరుగుతుందా, వగైరా వగైరా.

నవ్వుకుని ఇంటికొస్తుంటే మా వీధి టైలరు ఆపాడు. మదనపల్లె వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ మనిషి. కూతురు బీసీఏ మొదటి సంవత్సరం. కంప్యూటరు కోసం రెండేళ్ళుగా కూడబెట్టిన 40 వేలు చేతిలో ఉన్నాయి.

"సార్, ఒక షాపులో ఐ7 అంట, 16 జీబీ అంట, 18 వేలకే ఇస్తామంటా ఉండారు. కొత్తది ఐ3 తీసుకుంటే అంతకు రెట్టింపు అవతాదంట. ఐ3 కంటే ఐ7 పెద్దది కదా సార్? మీరెట్ల చెప్తే అట్ల."

చివరి మాట నాకు గుచ్చుకుంది. "మీరెట్ల చెప్తే అట్ల." సరిగ్గా ఈ మాటే జనం స్వామీజీల ముందు చేతులు కట్టుకుని అంటారు. అప్పుడు మనం వేదికలెక్కి విమర్శిస్తాం. అదే మాట మనతో అంటే మాత్రం "సరే అన్నా, ఇదిగో లిస్టు, ఇది కొనుక్కో" అని కాగితం చేతిలో పెడతాం. పేరు సలహా అనుకున్నా, చేసేది తాయెత్తు కట్టడమే.

ఈ విషయం మీదే నాలుగు మాటలు రాయాలనుకున్నాను. తక్కువ డబ్బుతో కంప్యూటరు పార్టులు ఎంచుకోవడం చిన్న విషయంలా కనిపిస్తుంది. నా దృష్టిలో మాత్రం హేతువాదానికి అదొక మంచి పరీక్ష. డబ్బున్నవాడు మూఢనమ్మకంతో కొన్నా నష్టపోయేది కాస్తే. 40 వేలు మాత్రమే ఉన్నవాడికి ఒక్క తప్పు నమ్మకం చాలు, పిల్ల చదువు వెనకబడుతుంది.

టైలరన్నకు లిస్టు ఇవ్వలేదు. "మీ అమ్మాయిని ఆ షాపుకి పంపి, ఐ7 అంటే ఏ ఐ7, పూర్తి నంబరు రాయించుకుని రమ్మను" అన్నాను. మర్నాడు చీటీ వచ్చింది. ఐ7-2600.

ఆ ప్రాసెసరు 2011 జనవరిలో వచ్చింది. అంటే ఆ అమ్మాయి బడిలో అఆలు దిద్దుతున్న రోజుల నాటిది. దాన్ని ఏదో ఆఫీసు పారేసిన మిషనులోంచి తీసి, కొత్తగా మెరిసే బోర్డుకి తగిలించి, లైట్లున్న కేబినెట్లో పెట్టి, ముందు "ఐ7" స్టిక్కరు అంటిస్తారు. 2022లో వచ్చిన ఐ3-12100కి కూడా దాని లాగే 4 కోర్లు, 8 థ్రెడ్లు. కానీ ఒక్కో కోరు చేసే పని చూస్తే ఐ3 ఆ పాత ఐ7కి సుమారు రెట్టింపు. పైగా విండోస్ 11 అధికారికంగా ఇంటెల్ 8వ తరం, ఆ పై ప్రాసెసర్ల మీదే నడుస్తుంది. 2600 రెండో తరానిది. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది.

పాత సామాను కొనడం తప్పని నేననను. పాతదని చెప్పి, పాత ధరకు అమ్మితే నిక్షేపంగా కొనుక్కోవచ్చు. ఇక్కడ 3, 7 అనే అంకెలు వాడుకుని పెద్దదీ చిన్నదీ అనే భ్రమ కలిగిస్తున్నారు. సంఖ్యాశాస్త్రం వాళ్ళు చేసేదీ అదే కదా!

మనం మాత్రం అంకెల మాయలో పడలేదా? పడ్డాం. నేనూ పడ్డాను. ఒకప్పుడు గిగాహెర్ట్జ్ ఎంత ఎక్కువైతే కంప్యూటరు అంత గొప్పదని నమ్మేవాణ్ణి. 2000 చివర్లో పెంటియం 4 వచ్చినప్పుడు 1.4, 1.5 గిగాహెర్ట్జ్ అని ప్రకటనలు హోరెత్తాయి. 2006లో కోర్ 2 డ్యూయో వచ్చి, 1.86, 2.13 గిగాహెర్ట్జ్‌తోనే, 3 దాటిన పెంటియం 4లను వెనక్కి నెట్టేసింది. సెకనుకు ఎన్ని అడుగులు వేశావన్నది ఒక్కటే చూస్తే చాలదు, ఒక్కో అడుగులో ఎంత దూరం పోయావన్నదీ చూడాలి. ఇంత చిన్న విషయం అడగకుండా ఆరేళ్ళు గిగాహెర్ట్జ్ భజన చేశాను.

మరో అనుభవం ఇంకా సిగ్గుచేటైనది. 2006లో నేను అసెంబుల్ చేయించుకున్న మిషను సాయంత్రం పూట దానంతటదే రీస్టార్ట్ అయ్యేది. మా అమ్మ దిష్టి తగిలిందని కేబినెట్ మీద నిమ్మకాయ పెట్టింది. నేను అమ్మను కసిరి, వైరస్ అని తీర్మానించి, మూడుసార్లు ఫార్మాట్ కొట్టి విండోస్ మళ్ళీ ఎక్కించాను. మిషను మాత్రం రీస్టార్ట్ అవుతూనే ఉంది. ఇప్పుడు ఆలోచిస్తే మా ఇద్దరికీ తేడా ఏముంది? ఆమె దిష్టిని పరీక్షించలేదు, నేను వైరస్‌ని పరీక్షించలేదు. కాకపోతే ఆమె పద్ధతిలో సామాను పోలేదు. నా పద్ధతిలో ఫొటోలు పోయాయి.

ఆఫీసు మిత్రుడొకడు తన ఎస్‌ఎంపీఎస్ ఒక వారం అరువిచ్చాడు. వారంలో ఒక్కసారీ రీస్టార్ట్ కాలేదు. అంతటితో ఆగలేదు. నా పాత ఎస్‌ఎంపీఎస్ తిరిగి తగిలించాను. రెండో రోజే రీస్టార్ట్ అయింది. చాలామంది ఈ రెండో సగం చెయ్యరు. మందు వేసుకున్నాను, జ్వరం తగ్గింది అని ఊరుకుంటారు. పాతది తిరిగి పెడితే సమస్య తిరిగి వస్తుందా అని చూస్తేనే అనుమానం రుజువుకు దగ్గరవుతుంది.

అప్పుడు ఆ డబ్బా లేబులు చదివాను. కేబినెట్‌తో పాటు వచ్చిన ఎస్‌ఎంపీఎస్ అది. పైన పెద్ద అక్షరాల్లో 450 వాట్లు. కింద చిన్న అక్షరాల్లో 12 వోల్టుల లైను మీద 14 ఆంపియర్లు. గుణిస్తే 168 వాట్లు. ప్రాసెసరు, గ్రాఫిక్స్ కార్డు ప్రధానంగా తాగేది ఆ లైను నుంచే. సాయంత్రం వీధిలో వోల్టేజీ పడిపోయినప్పుడు ఆ నాసిరకం డబ్బా చేతులెత్తేసేది. దిష్టీ కాదు, వైరసూ కాదు. లేబులు మీదే రాసి ఉంది, గుణించడానికి ఐదో తరగతి లెక్కలు చాలు.

ఇక టైలరన్న కూతురి సంగతికి వస్తాను. ఆ అమ్మాయికి రెండు ప్రశ్నలు మాత్రం నేర్పాను. పూర్తి పేరేమిటి? ఎవరు కొలిచారు? ఈ రెండూ పట్టుకుని తను నాలుగు ఆదివారాలు ఎస్.పి. రోడ్డులో తిరిగింది. నేను రెండుసార్లు తోడు వెళ్ళాను.

మొదటి ప్రశ్న ఎంత అవసరమో చెప్పడానికి ఒక్క ఉదాహరణ. జీటీ 1030 అనే చిన్న గ్రాఫిక్స్ కార్డు 2017లో వచ్చింది. 2018లో అదే పేరుతో మరొకటి వచ్చింది. మొదటి దానిలో జీడీడీఆర్5 మెమరీ, సెకనుకు 48 జీబీ. రెండో దానిలో డీడీఆర్4, సెకనుకు 16.8 జీబీ. పెట్టె మీద పేరు ఒక్కటే. పెద్ద అక్షరాల్లో "2 జీబీ" అని రెంటి మీదా ఉంటుంది. పూర్తి పేరు అడగనివాడికి ఏది దక్కితే అదే ప్రసాదం.

అన్నట్టు, కంప్యూటర్స్ చదివే పిల్లలకు గ్రాఫిక్స్ కార్డు తప్పనిసరి అని ఒక షాపాయన గట్టిగా చెప్పాడు. ఏ సబ్జెక్టుకి అని అమ్మాయి అడిగింది. సమాధానం లేదు. సీ, జావా, పైథాన్ రాసుకోవడానికి, పాఠాలు చూసుకోవడానికి ప్రాసెసరులో ఉండే గ్రాఫిక్సే చాలు. ఆ ఒక్క ప్రశ్నతో కొన్ని వేలు మిగిలాయి.

రెండో ప్రశ్న కంపెనీల విషయంలో పనికొస్తుంది. ఫలానా కంపెనీ హార్డ్ డిస్కు మా బావకి ఆరు నెలల్లో పోయింది, జన్మలో కొనకూడదు అంటారు. ఒక్క బావ, ఒక్క డిస్కు. బ్యాక్‌బ్లేజ్ అనే సంస్థ తన దగ్గర నడిచే వేలాది డిస్కుల్లో ఎన్ని పోయాయో మోడలు వారీగా 2013 నుంచి ప్రకటిస్తోంది. అవి డేటా సెంటరు లెక్కలు, ఇంటి వాడకానికి యథాతథంగా వర్తించవు. అయినా ఒక్కటి మాత్రం స్పష్టంగా కనిపిస్తుంది. ఒకే కంపెనీలో ఒక మోడలు బాగుంటే మరో మోడలు బాగుండదు. కంపెనీని కులదైవంలా కొలిచేవాళ్ళూ, శపించేవాళ్ళూ ఇద్దరూ గమనించాలి. ఎస్‌ఎంపీఎస్ మీద 80 ప్లస్ గుర్తుకూ ఇదే వర్తిస్తుంది. 2004లో మొదలైన ఆ గుర్తు కరెంటు ఎంత వృథా కాకుండా వాడుతుందో చెబుతుంది. లోపలి రక్షణ ఏర్పాట్లు బాగున్నాయని అది హామీ ఇవ్వదు. గుర్తు ఏం కొలిచిందో అంతవరకే నమ్మాలి.

ఇప్పుడు నా పరువు పోయిన ఘట్టం. నేను పెద్దరికంగా, "ఐ3-12100 కంటే 12100ఎఫ్ తీసుకో అమ్మా, రెండు వేలదాకా తగ్గుతుంది" అన్నాను. ఆ అమ్మాయి రెండు రోజులయ్యాక వచ్చింది.

"అంకుల్, ఎఫ్ అని ఉంటే లోపల గ్రాఫిక్స్ ఉండదంట కదా. మనం కార్డు కొనడం లేదు. మరి స్క్రీను మీద బొమ్మ ఎట్ల వస్తుంది?"

నాకు నోట మాట రాలేదు. రాదు కదా, బొమ్మే రాదు. నేనెప్పుడూ కార్డుతోనే మిషన్లు కట్టించుకున్నాను కాబట్టి అలవాటు మాట అనేశాను. "మీరెట్ల చెప్తే అట్ల" అన్న టైలరన్న మాట ప్రకారం నడిచి ఉంటే, ఆ ఇంట్లో నల్లటి స్క్రీను ముందు కూర్చుని నిమ్మకాయ కోసేవాళ్ళు. తప్పు కూడా వాళ్ళది కాదు, నాది. నన్ను నమ్మకుండా సరిచూసుకున్నందుకు ఆ అమ్మాయికి చేతులెత్తి నమస్కారం పెట్టాను.

చివరికి 2023 నవంబరులో బిల్లుతో కొన్న లెక్క ఇది. ప్రాసెసరు 11,200, బోర్డు 6,700, 8 జీబీ ర్యామ్ ముక్కలు రెండు 3,500, 500 జీబీ ఎస్‌ఎస్‌డీ 3,100, ఎస్‌ఎంపీఎస్ 3,000, కేబినెట్ 2,000, 22 అంగుళాల మానిటరు 7,200, కీబోర్డు, మౌసు 800, 600 వీఏ యూపీఎస్ 2,900. మొత్తం రూ. 40,400. ర్యామ్ 16 జీబీ ఒకే ముక్క కాకుండా రెండెందుకంటే, ప్రాసెసరులోని గ్రాఫిక్స్ ఆ మెమరీనే వాడుకుంటుంది, రెండు దారులుంటే దానికి వేగం. బిల్లు లేకుండా తీసుకుంటే తగ్గిస్తామన్నారు. బిల్లు లేకపోతే రేపు వారంటీ అడగడానికి చేతిలో కాగితం ఉండదు, వద్దన్నాం. దొంగ విండోస్ ఉచితంగా ఎక్కిస్తామన్నారు, అదీ వద్దని ఉబుంటు వేసుకున్నాం.

మిషను బిగించిన రోజు కేబినెట్ ముట్టుకుంటే జుమ్మంది. వాళ్ళింట్లో అందరూ భయపడ్డారు. ప్లగ్గు బోర్డులో మూడో రంధ్రానికి వెనక తీగే లేదు. ఎస్‌ఎంపీఎస్‌లో విద్యుత్ రొదను వడకట్టే చిన్న కెపాసిటర్లు ఇనప డబ్బాకు కలిసి ఉంటాయి. ఎర్త్ లేకపోతే 230లో సుమారు సగం వోల్టేజీ డబ్బా మీద నిలుస్తుంది. ఎలక్ట్రీషియన్ 500 తీసుకుని ఎర్త్ తీగ లాగాడు. జుమ్మనడం పోయింది.

ఆ మిషను ఇప్పటికీ నడుస్తోంది. అంతమాత్రాన మా ఎంపిక గొప్పదని నేననను. ఒక్క మిషను రుజువు కాదని ఇంతసేపూ చెప్పింది నేనే కదా. ఆ ధరలూ ఇప్పుడు లేవు. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు విపరీతంగా పెరిగాయి. ఆ రోజు నేను లిస్టు మాత్రమే ఇచ్చి ఉంటే అది ఈపాటికి చెత్తకాగితం. ప్రశ్నలు మాత్రం పాతబడలేదు.

2024 ఆయుధపూజకి టైలరన్న కుట్టు మిషనుతో పాటు ఆ కంప్యూటరుకీ బొట్టు పెట్టాడు. నన్ను చూసి కొంచెం ఇబ్బందిగా నవ్వాడు. "అగరుబత్తి మాత్రం ఫ్యాను దగ్గర పెట్టొద్దన్నా" అన్నాను, అంతే. పూజల గురించి వాదించే రోజు వేరే వస్తుంది, తప్పక వాదిస్తాను. కానీ మిత్రులారా, ఆ బొట్టుకూ నిమ్మకాయకూ ఆ ఇంట్లో అయిన ఖర్చు ఐదు రూపాయలు. "ఐ7" అనే స్టిక్కరు మీద నమ్మకానికి 18 వేలు పోయేవి. నా మాట మీద నమ్మకానికి ఒక ప్రాసెసరు పోయేది. మనం ఇన్నాళ్ళూ ఎక్కువగా నవ్వింది దేన్ని చూసి?