సెకండ్ హ్యాండ్ డస్టర్ కొంటున్నారా? సికింద్రాబాద్ బయ్యర్లు ఈ లెక్కలు చూసుకోవాల్సిందే!

సెకండ్ హ్యాండ్‌లో మిడ్‌సైజ్ ఎస్‌యూవీ వెతికే సికింద్రాబాద్ వాసులకు పాత తరం రెనో డస్టర్ ఊరించే బేరమే. 2012లో వచ్చిన ఈ బండిని కంపెనీ 2022లో ఆపేసింది. గుంతల రోడ్లపై దీని సస్పెన్షన్‌కు ఇప్పటికీ మంచి పేరుంది. మరి కొనొచ్చా?

డీజిలా? పెట్రోలా?

2020 ఏప్రిల్‌లో బీఎస్-6 రావడంతో డీజిల్ డస్టర్ ఆగిపోయింది. ఆ తర్వాత వచ్చినవన్నీ పెట్రోల్ బండ్లే. 1.5 లీటర్ డీజిల్‌లో టైమింగ్ బెల్ట్ ఉంటుంది. అది తెగితే ఇంజిన్‌కు పెద్ద దెబ్బే. మార్చినట్టు బిల్లు లేకపోతే ఆ ఖర్చు ధరలో తగ్గించమనండి. నిస్సాన్ టెరానోలోనూ ఇదే ఇంజిన్ కాబట్టి మెకానిక్‌లకు కొత్తేం కాదు. బంపర్, లైట్లు దొరుకుతాయో లేదో మాత్రం ముందే కనుక్కోండి.

ఢిల్లీ బండితో జాగ్రత్త

పదేళ్లు దాటిన డీజిల్ కార్లను ఢిల్లీలో నడపొద్దని 2015లో ఎన్‌జీటీ చెప్పింది. ఆ భయంతో చాలామంది బండ్లను బయటి రాష్ట్రాలకు అమ్మేశారు. ధర తక్కువే. కానీ ఇక్కడ రిజిస్ట్రేషన్‌కు అక్కడి ఎన్‌ఓసీ కావాలి, తెలంగాణ లైఫ్ టాక్స్ కట్టాలి. తిరుమలగిరి ఆర్టీఏ ఆఫీసులో అది ఎంతో తెలుసుకున్నాకే అడ్వాన్స్ ఇవ్వండి.

15 ఏళ్ల గడువు

ప్రైవేటు కారు ఆర్‌సీ 15 ఏళ్లకే. 2013 బండికి 2028 వరకే టైముంది. తర్వాత ఫిట్‌నెస్ పాసైతేనే ఐదేళ్ల రెన్యువల్. గ్రీన్ టాక్స్ అదనం.

ఫైనల్‌గా..

లోకల్ రిజిస్ట్రేషన్, సర్వీస్ రికార్డు ఉన్న 2016 ఫేస్‌లిఫ్ట్ తర్వాతి బండైతే ధైర్యంగా చూడొచ్చు. లోన్ క్లియరెన్స్, పెండింగ్ చలాన్లు కూడా చెక్ చేసుకోండి. చౌకగా వస్తోందని పేపర్లు సరిగా లేని బండి జోలికెళ్తే, మిగిలిందనుకున్న డబ్బు ఆర్టీఏ కౌంటర్ దగ్గరే కరిగిపోతుంది.