బీజశుద్ధి: తండ్రి కాదలచినవారు పాటించవలసిన నియమం

మంచి విత్తనం వేయనిదే మంచి పంట రాదని మన రైతుకు ఎవరూ చెప్పనక్కరలేదు. తాలు ఏరి, పుచ్చు లేకుండా చూసుకొని గాని అతడు విత్తనం చేతబట్టడు. అదే సంతానం విషయానికి వచ్చేసరికి మనమందరం నేలను గురించే మాట్లాడతాము. విత్తనం మాట ఎవరూ ఎత్తరు.

వైద్యవృత్తిలో ఉన్న నాకు ఈ వింత నిత్యం కనబడుతూనే ఉంది. ఇటీవల ఒక తల్లి తన కోడలిని వెంటబెట్టుకొని వచ్చింది. అమ్మాయికి రెండుసార్లు గర్భం నిలవలేదు. “డాక్టరుగారూ! పిల్లది వేడి శరీరమండీ. ఏం పథ్యం పెట్టమంటారు?” అని అడిగింది. “అబ్బాయి రాలేదా?” అన్నాను. “వాడికేమండీ, గుండ్రాయిలా ఉన్నాడు. బయట బండి దగ్గర నిలబడ్డాడు” అన్నది. పిలిపించగా సిగరెట్టు వాసనతో లోపలికి వచ్చాడు.

అతడిని మందలించే అర్హత నాకు పూర్తిగా లేదు. హైస్కూలు రోజులలోనే చాటుమాటుగా చుట్ట అలవాటు చేసుకొన్నవాడిని నేను. నా భార్య గర్భవతి అయినప్పుడు ఆమెకు ఏ నెలలో ఏ పథ్యమో కాగితం మీద వ్రాసి ఇచ్చాను. నాకోసం ఒక్క పంక్తి వ్రాసుకోలేదు. మా పెద్దవాడు చిన్నతనంలో ఉబ్బసంతో పడుకోలేక ఎన్నో రాత్రులు కూర్చునే తెల్లవార్చాడు. అది వాడు పుట్టక ముందు నేను త్రాగిన పొగ వల్లనో, పుట్టిన తరువాత ఇంట్లో నింపిన పొగ వల్లనో, మరి దేని వల్లనో నేను చెప్పలేను. నాకేమీ సంబంధం లేదని చెప్పే ధైర్యమూ లేదు.

ఈ విషయంలో మన శాస్త్రం పక్షపాతం చూపలేదు. మొలక పుట్టడానికి వలెనే గర్భానికీ ఋతువు, క్షేత్రము, అంబువు, బీజము అనే నాలుగూ సమకూడవలెనని సుశ్రుతుడు చెప్పాడు. చరక సంహిత శారీరస్థానం ఎనిమిదవ అధ్యాయం సంతానం కోరే స్త్రీపురుషులిద్దరికీ స్నేహ స్వేదనాలు, వమన విరేచనాలు విధించింది. ఆపై పురుషునికి మధుర ఔషధాలతో సంస్కరించిన పాలు, నెయ్యి. స్త్రీకి నువ్వుల నూనె, మినుములు ఇవ్వమన్నది. బీజంలో ఏ భాగం చెడితే దాని నుండి ఏర్పడే అవయవం చెడుతుందనీ, తల్లిదండ్రుల మధుమేహం బీజదోషం ద్వారా బిడ్డకు సంక్రమించవచ్చుననీ ఆ గ్రంథమే హెచ్చరించింది.

నేటి శాస్త్రం మరొక దారిలో నడిచి ఈ గడపకే చేరుతున్నది. ఒక శుక్రకణం తయారు కావడానికి సుమారు 74 రోజులు, పక్వమై వెలువడడానికి మరికొన్ని రోజులు పడుతుంది. అంటే నేటి బీజం గడచిన మూడు నెలల ఆహార విహారాల ఫలితం. పొగాకు, స్థూలకాయం, అదుపులేని మధుమేహం, వృషణాలకు తగిలే అధిక వేడి శుక్రకణాలలోని డి.ఎన్.ఏ.ను దెబ్బతీయగలవు. ఇటువంటి దెబ్బకూ పదేపదే జరిగే గర్భస్రావాలకూ సంబంధం ఉన్నట్లు పరిశీలనలు తెలుపుతున్నాయి.

2010లో ఆస్ట్రేలియా పరిశోధకులు మగ ఎలుకలకు కొవ్వు అధికంగా మేపి బలియజేశారు. తల్లి ఎలుకలు మామూలు ఆహారమే తిన్నా, ఆ తండ్రులకు పుట్టిన ఆడపిల్లలలో ఇన్సులిన్ స్రావం దెబ్బతిన్నది. 2017లో ఉత్తర ఐరోపా నుండి వెలువడిన పరిశీలనలో 24 వేలకు పైగా సంతానం వివరాలు చూశారు. పదిహేనేళ్ల లోపే పొగ త్రాగడం మొదలుపెట్టిన తండ్రుల పిల్లలలో ఉబ్బసం అధికంగా కనిపించింది. అది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఎలుకలలో చూసినదంతా మనుషులలో అట్లే జరుగుతుందని నేననను. ఒకానొక బిడ్డ జబ్బుకు తండ్రి అలవాటే కారణమని వేలెత్తి చూపడమూ సాధ్యం కాదు. ఇంతకాలం కోడలిని నిలబెట్టిన బోనులో ఇక కొడుకును నిలబెట్టమని కూడా నా అభిప్రాయం కాదు. ఇద్దరి బిడ్డకు ఇద్దరూ సిద్ధపడవలెనని మాత్రమే నా వాదన.

ఆ అమ్మాయిని స్త్రీవైద్య నిపుణురాలి వద్ద పరీక్షలు చేయించుకొమ్మని చెప్పి, మొదటి చీటీ అబ్బాయికి వ్రాశాను. అందులోని నియమాలివి:

1. బిడ్డను కోరుకోవడానికి కనీసం మూడు నెలల ముందే సిగరెట్టు, చుట్ట, ఖైనీ, గుట్కా, మద్యం పూర్తిగా విడువవలెను.

2. వేళకు నిద్ర, దినమూ అరగంట తగ్గకుండా వడిగా నడక ఉండవలెను. అధిక బరువు తగ్గవలెను.

3. బిగుతైన లోదుస్తులు, వేడినీటి తొట్టిలో చాలాసేపు కూర్చోవడం, ఒడిలో ల్యాప్‌టాప్ పెట్టుకోవడం తగదు.

4. పెసలు, మినుములు, ఆకుకూరలు, నువ్వులు, ఉసిరి, పాలు, మితంగా నెయ్యి హితకరం. మినప సున్నుండ దినానికి ఒకటి చాలు. మధుమేహం ఉన్నవారికి అదీ వద్దు.

5. రక్తంలో చక్కెర, రక్తపోటు, వీర్యం పరీక్ష చేయించుకోవలెను. ఇందులో సిగ్గుపడవలసినది ఏమీ లేదు.

6. ప్రకటనలు చూసి చూర్ణాలు, భస్మాలు కొనరాదు. అశ్వగంధ అయినా, శోధన కర్మలైనా వైద్యుని పర్యవేక్షణలోనే జరగవలెను. కండల కోసం వ్యాయామశాలలలో తీసుకొనే హార్మోన్ ఇంజెక్షన్లు శుక్రోత్పత్తినే ఆపివేయగలవు.

ఆ తల్లి చీటీ చేతికి తీసుకొని, “ఇదంతా మావాడికా?” అని ఆశ్చర్యపోయింది. “వాడికేనమ్మా. అమ్మాయికి వేరే వ్రాస్తున్నాను” అన్నాను.

పాఠకులకు ఒక మనవి. మీ ఇంట ఎదిగే కుమారుడు ఉంటే అతడికి పెళ్లయ్యే వరకు ఆగవద్దు. హైస్కూలు వయసులోనే ఈ మాట చెవిన వేయండి. ఆ వయసులో నాకు చెప్పినవారు ఎవరూ లేకపోయారు.