అవ్వ ఎందుకు అరుస్తోంది?

"సిస్టరమ్మా, ఒక నిద్ర సూది వేయండి. రాత్రంతా ఒకటే అరుపు." డిమెన్షియా, అంటే మతిమరుపు జబ్బు ఉన్న పెద్దలను తీసుకువచ్చే కుటుంబాలు మమ్మల్ని తరచుగా అడిగేది ఇదే. గుమ్మఘట్ట పల్లెల్లో ఒక ఇంటి అరుపు నాలుగిళ్లకు వినబడుతుంది. కోడలు సరిగా చూడడం లేదని ఒకరు, గాలి సోకిందని ఇంకొకరు అంటారు. ఆ కోడలి కష్టం మాకు తెలుసు. అయినా సూది మొదటి వైద్యం కాదని మా అభిప్రాయం.

ఈ అరుపు కొత్తది కాదు. 1906లో జర్మనీలో డాక్టర్ అల్జీమర్ వివరించిన రోగి కూడా గంటల తరబడి కేకలు పెట్టేదే. ఈ జబ్బులో మాట పోతుంది గాని బాధ పోదు.

మా వార్డులో ఒక అవ్వ రెండు రాత్రులు "యమ్మా, యమ్మా" అని అరిచింది. జబ్బు లక్షణమే అనుకుని మేము తలుపు దగ్గరికి వేశాము. మూడో రోజు ఒళ్లు తుడుస్తున్న ఆయమ్మ "పొత్తికడుపు రాయిలాగ ఉంది సిస్టర్" అన్నది. మూత్రం బిగిసింది. గొట్టం వేసి తీసిన కాసేపటికే అవ్వ నిద్రపోయింది. ఇన్నేళ్ల సర్వీసు ఉన్న మాకు ఆ మాత్రం తోచకపోవడం సిగ్గే.

కనుక అరుపు మొదలైతే ముందు ఒళ్లు చూడండి. విరేచనం అయి ఎన్ని రోజులైంది? నోటిలో పుండ్లు, వీపున పుండ్లు, జ్వరం ఉన్నాయా? పక్క తడుపుతారని నీళ్లు తగ్గిస్తున్నారా? మన జిల్లాలో ఫ్లోరైడ్ నీళ్లతో కీళ్లు బిగిసినవారు ఉన్నారు, పక్కకు తిప్పినా వారికి ప్రాణం పోయినట్లుంటుంది.

కొన్ని కేకలు ఒంటివి కావు, మనసువి. ఒక అవ్వ సాయంత్రం కాగానే "నీళ్లొచ్చినాయి, బిందె తీయండి" అని అరిచేది. కరువు చూసిన మనిషి మరి! "నీళ్లు లేవు, పడుకో" అంటే అరుపు పెరిగేది. కూతురు బిందె చూపించి "పట్టేసినామమ్మా" అంటే ఊరుకునేది.

ఎంత వెతికినా కారణం దొరకని అరుపులూ ఉన్నాయి. అప్పుడు డాక్టరు మందు రాస్తే రాయవచ్చు. అయితే ఇలాంటి రోగులను నెమ్మదింపజేసే కొన్ని మందులతో మరణాలు పెరుగుతాయని అమెరికా ప్రభుత్వ మందుల శాఖ 2005లోనే హెచ్చరించింది. అందుకే అడిగిన వెంటనే మేము ఇవ్వము, కోపపడవద్దు. మంచానికి కట్టివేయడమూ వద్దు. ఇంట్లోవారికి దిక్కు తోచనప్పుడు టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

సంఘస్థులకు ఒక మనవి. ఆ ఇంటికి ప్రార్థనకు వెళ్లినప్పుడు ఇంకో రెండు గంటలు అవ్వ దగ్గర కూర్చోండి. కోడలిని పడుకోనివ్వండి.