"వినగా వినగా అదే వస్తుంది" అని మాకు చెప్పకండి



ఇంగ్లీషులో ఎ, యాన్, ద ఎక్కడ పెట్టాలి సార్ అని అడిగితే మనకి దొరికే జవాబు ఒకటే: "వినగా వినగా అదే వచ్చేస్తుంది." ఎవరికి వస్తుంది? ఇంట్లో ఇంగ్లీషు వినపడేవాళ్లకి వస్తుంది. బుట్టాయగూడెం నుంచో వేలేరుపాడు నుంచో ఏలూరు, తాడేపల్లిగూడెం హాస్టళ్లకి వచ్చిన మనం ఎవరి నోట వినాలి? ఇది సలహా కాదు. నేర్పాల్సిన పని ఎగ్గొట్టడం.

రాకపోతే మళ్లీ "వీళ్లకి బేసిక్స్ లేవు" అంటారు. ఆర్టికల్స్ తెలుగులో లేవు, కోయలో లేవు, సంస్కృతంలో లేవు, రష్యన్‌లో లేవు. టాల్‌స్టాయ్ అంత లావు నవలలు రష్యన్‌లో ద లేకుండానే రాశాడు. కాబట్టి మనకి లేనిది తెలివి కాదు, ఆ చిన్న మాట మాత్రమే.

దాని వెనక ఉన్న ఆలోచన మనకీ ఉంది. "కొల్లేట్లో చేప పట్టాం" అంటే ఏ చేపో వినేవాడికి తెలీదు. అది ఎ ఫిష్. "చేపని అమ్మేశాం" అంటే ఇప్పుడు ఇద్దరికీ తెలిసిన చేప. అది ద ఫిష్. ఇంగ్లీషువాడు ముందు పెట్టేదాన్ని మనం చాలాసార్లు వెనక "ని" తోనో, ముందు "ఆ" తోనో చెప్తాం. "ఏదో వినేవాడికి తెలుసా, తెలీదా?" అనే ఈ ఒక్క ప్రశ్న తెలుగులో చెప్తే సగం పాఠం అయిపోతుంది.

రెండోది, "ఎ, ఇ, ఐ, ఓ, యు ముందు యాన్" అని బట్టీ పట్టించడం. చూడాల్సింది అక్షరం కాదు, శబ్దం. యూనివర్సిటీ స్పెల్లింగు యు తో మొదలైనా నోట్లో "య" వస్తుంది, అందుకే ఎ యూనివర్సిటీ. ఎస్టీలో మొదటి అక్షరం ఎస్, కానీ నోట్లో ముందొచ్చేది "ఎ". అందుకే యాన్ ఎస్టీ స్టూడెంట్. మనం "యెస్టీ" అని పలుకుతాం కాబట్టి తేడా వినపడదు. ప్రతి అప్లికేషన్‌లో రాసుకునే మాట ఇది. పాఠంలో మాత్రం యాపిల్, అంబ్రెల్లా.

ద గోదావరి, ద తమ్మిలేరు అంటారు. కొల్లేరు లేక్ ముందు ద పెట్టరు. నది పేరుకి ద కావాలి, సరస్సు పేరుకి అక్కర్లేదు. ఇది నియమం. నియమం అయినప్పుడు నోరు తెరిచి చెప్పొచ్చుగా?

"మీనింగ్ అర్థమైతే చాలు, ఈ చిన్న మాటలు మనకెందుకు" అనే మనవాళ్లకి కూడా ఒక మాట. 1996 పెసా చట్టం ఇంగ్లీషులో చదవండి. ప్రతి గ్రామానికి "ఎ గ్రామ్ సభ" ఉండాలని ముందు చెప్తుంది. భూసేకరణ దగ్గరికి వచ్చేసరికి సంప్రదించాల్సింది "ద గ్రామ్ సభ ఆర్ ద పంచాయత్స్" అంటుంది. ద అంటే ముందు చెప్పినదే, ఆ ఊరి సభే. మండలం ఆఫీసులో పెట్టిన ఏదో ఒక మీటింగు కాదు. పోలవరం ముంపు చూసిన మనకి ఇది చిన్న తేడానా? 1997 సమత కేసులో భూబదిలీ చట్టంలోని "పర్సన్" అనే మాటలో ప్రభుత్వం కూడా వస్తుందా అని సుప్రీంకోర్టు దాకా వాదన నడిచింది. వస్తుందని కోర్టు చెప్పింది. మన భూమి ఇలాంటి మాటల మీదే నిలబడి ఉంది.

అందుకే అడుగుతున్నా. హాస్టల్ ట్యూటర్లు ఆర్టికల్స్ తెలుగులో, కారణంతో, మన ఉదాహరణలతో చెప్పాలి. సీనియర్లు ఆదివారం ఒక గంట ఇవ్వాలి. ఈ గ్రూపులో వారానికి ఒక చట్టం వాక్యం పెట్టుకుని, ఎ ఎందుకు, ద ఎందుకు అని మాట్లాడుకుందాం. ఎవరైనా తప్పు రాస్తే నవ్వే ఎమోజీ పెట్టకండి, కారణం రాయండి.

జై ఆదివాసీ.