త్రాగుబోతు కూడ రోగియే

చరకసంహిత పరిచారకునికి ఉపచారజ్ఞానం, దక్షత, శుచిత్వం, రోగిపై అనురాగం ఉండాలన్నది. మద్యపాన రోగి మంచం వద్ద కొరవడుతున్నది ఆ అనురాగమే.

“కొని తెచ్చుకున్న జబ్బే కదా!” అని నర్సమ్మ ఈసడిస్తే, తాను రోజూ ఎంత త్రాగేదీ అతడు దాచిపెడతాడు. త్రాగుడు హఠాత్తుగా ఆగిన మూడు నాలుగు రోజుల్లోపల వణుకు, భ్రాంతి, ఫిట్స్ రావచ్చు, ప్రాణానికే ముప్పు కలుగవచ్చు. నిజం తెలియని వైద్యుడు ముందుగా ఎట్లా కాపాడగలడు?

రాత్రి వార్డులో తిట్లు తినేది ఆమెయే. ఆ విసుగు నాకర్థమవుతుంది. (ఇంట అట్టి భర్తను భరించే నర్సమ్మలూ లేకపోలేదు.) అయినా చరకసంహిత చికిత్సాస్థానంలో 24వ అధ్యాయం మదాత్యయానిదే. మధుమేహికి దక్కే ఆదరం వీనికెందుకు తగ్గాలి?

గృహిణులారా, ఆస్పత్రిలో చేర్చేటప్పుడు పరువుకు వెరవక, అతడు చివరిసారి ఎప్పుడు త్రాగాడో చెప్పండి.