పాత ఆటే, కానీ పనికొచ్చే ఆట

మొదటి ఉద్యోగంలో పాత టెక్నాలజీ ప్రాజెక్టు పడితే ‘నా కెరీర్ అయిపోయింది’ అనుకున్నా. అమెరికా హైస్కూల్ ఫుట్‌బాల్‌లోనూ ఇదే గొడవ. ఇది కాళ్లతో తన్నే ఆట కాదు, కోలబంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తేది. అందులో ‘ఆప్షన్’ అనే పద్ధతిని పాతబడిందని వెక్కిరిస్తారు. నేనైతే ఒప్పుకోను.

ఎదుటి జట్టులో ఒక డిఫెండర్‌ని కావాలనే అడ్డుకోకుండా వదిలేస్తారు. క్వార్టర్‌బ్యాక్ బంతిని ఫుల్‌బ్యాక్ పొట్ట దగ్గర పెట్టి ఆ డిఫెండర్‌నే చూస్తాడు. వాడు ఫుల్‌బ్యాక్ మీదికొస్తే బంతి లాక్కుని తనే పరిగెడతాడు, లేదంటే ఇచ్చేస్తాడు. లాక్కున్నాక ఇంకో డిఫెండర్ తన మీదికొస్తే, పక్కనే పరిగెత్తే మూడోవాడికి విసురుతాడు. కోడ్ రాసేవాళ్లకు అర్థమయ్యే ఉంటుంది, రెండు ఇఫ్-ఎల్స్‌లు. కాకపోతే ఆలోచించడానికి సెకను కూడా ఉండదు. తడబడితే బంతి నేలపాలే!

ఇద్దరిని అడ్డుకోనక్కర్లేదు కాబట్టి ఆ బ్లాకర్లు ఇంకోచోట పనికొస్తారు. భారీకాయులు దొరకని చిన్న స్కూళ్లకు ఇదే ఆధారం. 1968లో టెక్సాస్ యూనివర్సిటీ జట్టుకు ‘విష్‌బోన్’ ఆప్షన్ తెచ్చిన ఎమొరీ బెలార్డ్ అంతకుముందు హైస్కూల్ కోచే. ఆ జట్టు వరసగా 30 మ్యాచ్‌లు గెలిచింది.

అయితే పెద్ద కాలేజీలు ఎక్కువగా పాస్‌లు విసిరే క్వార్టర్‌బ్యాక్‌లనే వెతుకుతాయి. మరి ఆప్షన్ ఆడిన కుర్రాడి స్కాలర్‌షిప్ సంగతి? భయం నిజమే, కొట్టిపారేయను. కానీ హైస్కూల్లో ఆడేవాళ్లలో చాలామంది కాలేజీ జట్టుదాకా వెళ్లరు. ఒక్కడి భవిష్యత్తు కోసం మిగతా జట్టంతా తమకు నప్పని ఆట ఆడి ఓడిపోవాలా? పాస్ విసరడం ఆ కుర్రాడు వేసవి సెలవుల్లో నేర్చుకోవచ్చు. నేనూ కొత్త టెక్నాలజీ రాత్రిళ్లు కూర్చునే నేర్చుకున్నా.