పొలంలో గడ్డి కాల్చి, వేసవిలో గడ్డి కొనడం ఎందుకు?

వరికోతలు యంత్రాల చేతికి వెళ్లాక గడ్డి పొలంలో చెల్లాచెదురుగా మిగిలిపోతోంది. ఏరడానికి కూలీలు దొరకరు, తర్వాతి పంటకు తొందర. అందుకే చాలామంది నిప్పు పెడుతున్నారు. వేసవి వచ్చేసరికి అదే ఊళ్లో పాడి రైతులు గడ్డి కొంటారు. రెండు గేదెలున్న సన్నకారు రైతుకు ఇది రెండువైపులా నష్టం. గడ్డి కాలితే అందులోని నత్రజని దాదాపు అంతా గాలిలో కలుస్తుంది, దాన్ని మళ్లీ ఎరువు బస్తాగా కొనాల్సిందే. ఇంకో గేదె కొనే ఆలోచన ఉంటే, ముందు ఉన్న గడ్డిని దాచుకోండి.

బేలర్ అద్దె ఒక్కరికి బరువే. పక్కపక్క పొలాల వాళ్లు నలుగురు ఒకే రోజు కట్టలు కట్టించుకుంటామంటే రేటు తగ్గే వీలుంది, అడిగి చూడండి. గడ్డి బాగా ఆరాకే కట్టించాలి, తడి మీద కడితే బూజు పడుతుంది.

ఉత్త ఎండుగడ్డిలో మాంసకృత్తులు తక్కువ. 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియాను 50 లీటర్ల నీటిలో పూర్తిగా కరిగించి, పొరలు పొరలుగా చల్లుతూ తొక్కి, గాలి చొరకుండా పాలిథిన్ పట్టా కప్పి 21 రోజులు ఉంచండి. తీశాక ఆరబెట్టి, ఘాటు పోయాకే వేయండి. మొదట కొద్దికొద్దిగా అలవాటు చేయాలి. 6 నెలల లోపు దూడలకు వద్దు. యూరియా నీళ్లు తాగితే పశువు ప్రాణానికే ముప్పు. కలిపిన బకెట్‌ను కొట్టం దగ్గర వదిలేయకండి.